"పుట్టిన సర్టిఫికెట్ లేదు, కుదరదు" అంటే ఏం చేయాలి: అమ్మ పౌరసత్వం కోసం ఆఫీసులతో కొట్లాడే పద్ధతి

పుట్టుకతోనే భారత పౌరులైన వాళ్లలో "ఈమె ఈ దేశపు పౌరురాలు" అని రాసి ఉన్న కార్డు మామూలుగా ఎవరి దగ్గరా ఉండదు. ఉన్నవన్నీ వేరే పనుల కోసం ఇచ్చినవి. రేషన్ కార్డు బియ్యం కోసం, పాన్ పన్ను కోసం, ఆధార్ గుర్తింపు కోసం. ఆధార్ నంబరు పౌరసత్వానికి రుజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టం సెక్షన్ 9లోనే ఉంది. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లోనో, ఓటరు జాబితా సవరణలోనో ఒక ఉద్యోగి "అవ్వా, నువ్వు ఇక్కడే పుట్టినట్టు రుజువేది?" అని అడిగేదాకా ఈ సంగతి మనకు పట్టదు.

ములుగు వైపో, మహబూబాబాద్ వైపో ఒక పల్లెలో మంత్రసాని చేతుల్లో పుట్టిన మనిషి దగ్గర ఏం రుజువుంటుంది? జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. తనకే పుట్టిన సర్టిఫికెట్ లేదని, ఇక తండ్రిది ఎక్కడి నుంచి తెస్తానని 2020 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శాసనసభలోనే అన్నారు. ముఖ్యమంత్రి దగ్గర లేని కాగితం, నాట్లకు పోయి బతికిన ముసలమ్మ దగ్గర లేదని ఆమెను అనుమానించడం అన్యాయం. ఆ అన్యాయాన్ని ఇంట్లో కూర్చొని తిట్టుకుంటే లాభం లేదు. అట్లాగని మొదటి రోజే ఆఫీసు ముందు అరిచినా లాభం లేదు. దానికి ఒక వరుస ఉంది. మా అత్తమ్మ పాస్‌పోర్టు కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగేటప్పుడు, ఆ తర్వాత మా వాడకట్టులో మరికొందరి కోసం తిరిగేటప్పుడు నేర్చుకున్న వరుస ఇది.

ముందు ఆమె పుట్టిన సంవత్సరం చూడండి

ఏం రుజువు చేయాలన్నది పుట్టిన తేదీని బట్టి మారుతుంది. చాలామంది ఈ సంగతి తెలియక, అవసరం లేని కాగితాల కోసం పరుగులు పెడతారు. అడిగే ఉద్యోగికి కూడా చాలాసార్లు ఇది తెలియదు.

1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 లోపు మన దేశంలో పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. తల్లిదండ్రుల సంగతి అడిగే పనే లేదు. 1955 నాటి పౌరసత్వ చట్టం సెక్షన్ 3లో ఇది స్పష్టంగా ఉంది. అంటే మీ అమ్మ 1958లో పరకాల దగ్గర పుట్టి ఉంటే, ఆమె ఇక్కడ పుట్టిందని చూపిస్తే చాలు. వాళ్ల నాయన ఎవరు, ఎక్కడివాడు అన్నది చట్టం అడగదు. ఇక్కడ పుట్టిందని చూపడానికి ఆయన కాగితాలు పనికొస్తాయి, అది వేరే విషయం.

1987 జులై 1 నుంచి 2004 డిసెంబర్ 2 వరకు పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి పుట్టినవాళ్లకు ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి.

ఇక 1950 జనవరి 26 కంటే ముందు పుట్టిన అవ్వలు, తాతలు. వీళ్లకు రాజ్యాంగంలోని ఆర్టికల్ 5 వర్తిస్తుంది. ఆ రోజుకు ఈ దేశంలో స్థిరనివాసం ఉండి, ఇక్కడ పుట్టినా, తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టినా, అంతకు ముందు కనీసం ఐదేళ్లుగా ఇక్కడే ఉంటున్నా పౌరులే. "అప్పుడు నిజాం రాజ్యం కదా, ఇండియా కాదు కదా" అని ఎవరైనా అంటే భయపడొద్దు. హైదరాబాద్ సంస్థానం 1948 సెప్టెంబర్ 17న భారత్‌లో కలిసింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చే నాటికి మన ఊళ్లన్నీ భారత భూభాగంలోనే ఉన్నాయి.

మీ అమ్మ ఏ కాలానికి చెందుతుందో ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. ప్రతి దరఖాస్తులో మొదటి పేరా అదే కావాలి.

నోటి మాటను కాగితం మీదికి తెప్పించండి

ఈ వ్యాసంలో ఇంకేం గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి. "కుదరదు", "సార్ లేడు", "ఇంకో ప్రూఫ్ తెండి" అనేవి నిర్ణయాలు కావు. వాటి మీద అప్పీలు చేయలేరు, కోర్టుకు పోలేరు, ధర్నా చేస్తే కూడా "మేం కాదనలేదే, కాగితాలు తెమ్మన్నాం అంతే" అంటారు. మనుషుల్ని అలిసిపోయేలా చేసేది ఈ నోటి మాటే. అందుకే పోరాటంలో మొదటి డిమాండ్ "రాసి ఇవ్వండి" అన్నదే.

దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే గొడవ పెట్టుకోకుండా బయటికొచ్చి అదే దరఖాస్తును అదే రోజు స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టు రసీదు, డెలివరీ వివరం మీ దగ్గర ఉంటే ఇన్‌వర్డ్ ముద్ర ఉన్నట్టే. ఒరిజినల్ కాగితం ఏదీ ఎవరి చేతికీ వదిలిపెట్టొద్దు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ వెంటనే వెనక్కి తీసుకోండి.

దరఖాస్తులో ఏం రాయాలో తెలియక చాలామంది ఆగిపోతారు. ఇట్లా రాయొచ్చు:

"ఆర్యా, మా అమ్మ ఫలానా తేదీన, ఫలానా నంబరు గల దరఖాస్తు చేసుకున్నారు. జత చేసిన కాగితాల జాబితా కింద ఉంది. పుట్టిన సర్టిఫికెట్ లేనందున దరఖాస్తు ముందుకు పోదని ఫలానా తేదీన మీ కార్యాలయంలో నోటిమాటగా చెప్పారు. ఏ చట్టంలోని ఏ నిబంధన ప్రకారం ఆ కాగితం తప్పనిసరో, దాని బదులు ఏ ఆధారాలు చెల్లుతాయో, నిర్ణయం తీసుకున్న అధికారి హోదాతో సహా రాసి ఇవ్వగలరు. మా అమ్మ చెప్పేది వినకుండా దరఖాస్తు తిరస్కరించవద్దని కోరుతున్నాము."

ఇంతే. కోపం వద్దు, బతిమాలడం వద్దు. "ఏ నిబంధన ప్రకారం" అనే రెండు మూడు మాటలకు చాలా బలముంది. ఉదాహరణకు పాస్‌పోర్టు విషయమే తీసుకోండి. పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుందన్న నియమం 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకే. అంతకు ముందు పుట్టినవాళ్లు స్కూలు టీసీ, పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ వంటివి ఇవ్వొచ్చు. 1960లో పుట్టిన మనిషిని బర్త్ సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపుతుంటే, నిబంధన రాయమని అడిగిన రోజున రాయడానికి ఏమీ ఉండదు.

వారాలు గడిచినా జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. రుసుము పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. "ఎందుకు ఇవ్వలేదు" అని అడగొద్దు, దానికి జవాబు రాదు. నా దరఖాస్తు ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్లింది, ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఉంది, దాని మీద రాసిన నోట్ ఫైలు కాపీ ఇవ్వండి, ఈ పనికి అడగాల్సిన ధ్రువపత్రాల గురించి మీకు వచ్చిన సర్క్యులర్ కాపీ ఇవ్వండి అని అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర ఆఫీసుల విషయంలో రాష్ట్ర సమాచార కమిషన్‌కు, పాస్‌పోర్టు వంటి కేంద్ర ఆఫీసుల విషయంలో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. చాలా ఫైళ్లు ఈ దరఖాస్తు అందిన తర్వాతే కదులుతాయి.

కాగితాల గొలుసు

ఒక్క కాగితం అన్నీ చెప్పదు. మూడు విషయాలు కలవాలి: ఈ కుటుంబం ఇక్కడిది, ఈమె ఆ కుటుంబంలో పుట్టింది, ఈ రోజు మీ ముందున్న మనిషి ఆమే. పాత కాగితాల్ని ఈ మూడు వరుసల్లో పేర్చుకోండి.

మొదటి వరుసకు మన దగ్గర మంచి ఆధారం ఉంది: 1954-55 నాటి ఖాస్రా పహాణీ. తెలంగాణలో భూమి ఉన్న కుటుంబాలకు ఇది మూల రికార్డు. తాత పేరు మీద ఎకరం ఉన్నా అందులో ఉంటుంది. సర్టిఫైడ్ కాపీ కోసం తహసీల్దార్ ఆఫీసులో అడగండి. పాత కాగితాల్లో ఫసలీ సంవత్సరం (పాత రెవెన్యూ లెక్క) ఉంటే దానికి 590 కలపండి, మన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1364 అంటే 1954-55. సేత్వార్ వంటి ఇంకా పాత భూమి రికార్డులు ఉర్దూలో ఉంటాయి. వాటికి అనువాదం చేయించి, చేసినవారి సంతకం, నోటరీ పెట్టించండి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కూడా పాత రెవెన్యూ రికార్డులు వెతకొచ్చు.

మరి భూమి లేని కుటుంబాలు? మన ఊళ్లలో దళిత కుటుంబాల్లో చాలామందికి పట్టా లేదు. అందుకే భూమి కాగితం ఒక్కటే గట్టి రుజువన్నట్టు మాట్లాడే అధికారిని ఒప్పుకోకండి. కూలి చేసిన కుటుంబాలకు వేరే జాడలుంటాయి. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన తాత పీఎఫ్ చిట్టీ, కాజీపేట రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసినవారి సర్వీసు రిజిస్టరులో కుటుంబ సభ్యుల పేర్లు, భూపాలపల్లి, రామగుండం వైపు సింగరేణి కార్మికుల రికార్డులు, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టిన ఆడవాళ్ల పీఎఫ్ కాగితాలు, బీడీ కార్మికుల గుర్తింపు కార్డులు. ఇంటి పన్ను రసీదు, పాత రేషన్ కార్డు, ఇందిరమ్మ ఇంటి మంజూరు కాగితం కూడా పెట్టండి. అమ్మ బడికి పోకపోయినా ఆమె తమ్ముడు పోయి ఉండొచ్చు. వాళ్ల ఊరి ప్రైమరీ స్కూల్ అడ్మిషన్ రిజిస్టరులో మామయ్య పేరు, తాత పేరు, ఊరు ఉంటాయి. హెడ్‌మాస్టర్‌ను దరఖాస్తుతో కలిసి ఆ పేజీ నకలు మీద సంతకం, ముద్ర తీసుకోండి. అన్నదమ్ముల కాగితం అక్కచెల్లెళ్లకు పనికొస్తుంది, ఇది చాలామందికి తట్టదు.

పాత ఓటరు జాబితాలు బంగారం. తెలంగాణలో సమగ్ర సవరణ జరిగిన 2002 నాటి జాబితాలు రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైటులో వెతకొచ్చు. ఇక్కడ మన వాళ్లు పొరపడే చోటొకటి ఉంది. 2002లో వరంగల్ పశ్చిమ, వరంగల్ తూర్పు అనే నియోజకవర్గాలు లేవు. హనుమకొండ, వరంగల్ ఉండేవి. భూపాలపల్లి లేదు, శాయంపేట ఉండేది. చేర్యాల అప్పుడు నియోజకవర్గం, పాలకుర్తి కాదు. ఇప్పటి పేరుతో వెతికి "లేదు" అనుకోకండి. అమ్మ అత్తగారింటి ఊళ్లో లేకపోతే పుట్టింటి ఊరి జాబితాలో వాళ్ల అమ్మానాన్నల్ని వెతకండి.

పెళ్లైన ఆడవాళ్ల విషయమే అన్నిటికంటే కష్టం. ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, కాగితాలన్నీ భర్త పేరుతో ఉంటాయి. పుట్టింటికీ ఆమెకూ మధ్య లింకు ఎక్కడా రాసి ఉండదు. అస్సాంలో జాతీయ పౌర పట్టిక తయారు చేసినప్పుడు లక్షల మంది ఆడవాళ్లు సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నారు. పెళ్లై వెళ్లిన మహిళకు గ్రామ పంచాయతీ ఇచ్చిన సర్టిఫికెట్‌ను, తనిఖీ చేసి, లింకు పత్రంగా తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2019 ఆగస్టు 31న వచ్చిన తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. ఆ తీర్పు అస్సాం పట్టిక గురించే అయినా, మన దరఖాస్తులో దాన్ని ప్రస్తావించడంలో తప్పు లేదు. పుట్టింటి ఊరి పంచాయతీ కార్యదర్శి దగ్గర ఫలానా ఆమె ఫలానా వారి బిడ్డ, ఫలానా ఊరికి కోడలుగా వెళ్లింది అని రాయించుకోండి. ఆమె కంటే వయసులో పెద్దవాళ్లు ఇద్దరు అఫిడవిట్ ఇస్తే ఇంకా మంచిది. పెళ్లి పత్రిక దొరికితే తప్పకుండా జత చేయండి. అందులో రెండు ఇళ్ల పేర్లూ ఉంటాయి.

పుట్టిన సర్టిఫికెట్‌నే ఇప్పుడు తీసుకోవాలంటే ఆలస్యపు నమోదు దారి ఉంది. ముందు ఊళ్లో పంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్నంలో మున్సిపాలిటీలో రికార్డు వెతికించి "నమోదు దొరకలేదు" అని పత్రం తీసుకోండి. ఏడాది దాటిన జననాలకు ఇంతకు ముందు చట్టం ప్రకారం ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఆర్డర్ కావాల్సి ఉండేది. 2023 అక్టోబర్ 1 నుంచి అమలైన సవరణ ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆర్డర్ ఇస్తారు. మన వాడుకలో చెప్పాలంటే కలెక్టర్, ఆర్డీవో స్థాయిలో తేలిపోతుంది. మీసేవలో దరఖాస్తు చేసి రసీదు దాచుకోండి.

ఆఫీసుల ముందు తిరిగే బ్రోకర్లు పాత తేదీతో సర్టిఫికెట్ తెచ్చిస్తామంటారు. అట్లాంటి కాగితం ఒక్కటి మీ ఫైలులో పడితే నిజమైన కాగితాలన్నీ అనుమానంలో పడతాయి, పైగా అమ్మ మీదే ఫోర్జరీ కేసు వస్తుంది. ఎంత టెన్షన్ ఉన్నా ఆ దారి తొక్కకండి.

పేర్లు, జిల్లాలు కలవకపోతే

ఎల్లయ్య పేరు ఇంగ్లిష్‌లో ఒకచోట వై తో, ఒకచోట ఇ తో ఉంటుంది. కొమురమ్మ ఇంకోచోట కొంరమ్మ. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరం. రాసినవాళ్లు ఉద్యోగులు, శిక్ష మాత్రం మనకు. 2024 జులైలో అస్సాంకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీని మీద గట్టిగా చెప్పింది. పేరు అక్షరాల్లో, తేదీల్లో చిన్న తేడాలు ఉన్నంత మాత్రాన మనిషిని విదేశీయుడనలేమని, ఏ ఆధారమూ లేకుండా ఉత్త ఆరోపణతో ఒకరిని పౌరసత్వం నిరూపించుకోమనడం కుదరదని. ఆ తీర్పు కాపీ జత చేసి, "ఈ పేర్లన్నీ ఒక్కరివే" అని నోటరీ అఫిడవిట్ ఇవ్వండి. అందులో ఏ కాగితంలో ఏ పేరు ఎట్లా ఉందో ఒక్కొక్కటిగా రాయాలి.

జిల్లా పేరు విషయం మన వైపు ప్రత్యేకం. 1956 నవంబర్‌కు ముందు కాగితంలో హైదరాబాద్ రాష్ట్రం, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. 2016 అక్టోబర్ 11న వరంగల్ జిల్లా ముక్కలైంది. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు వేరైంది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. మండలాలు కూడా 1985లోనే వచ్చాయి, అంతకు ముందు తాలూకాలు. అందుకని ఒకే ఊళ్లో పుట్టి, అక్కడే బతికిన మనిషి కాగితాల్లో నాలుగైదు చిరునామాలు కనిపిస్తాయి. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన అధికారికి అది అనుమానంగా తోస్తుంది. ఊరు, పాత తాలూకా, పాత జిల్లా, ఇప్పటి మండలం, ఇప్పటి జిల్లా ఒక చిన్న పట్టికగా రాసి ఫైలు పైన పెట్టండి.

సూరత్, భివండి, షోలాపూర్ మగ్గాల మీద బతకపోయిన కుటుంబాల పిల్లల జనన నమోదు ఆ ఊరి మున్సిపాలిటీలోనే ఉంటుంది. ఇక్కడ వెతికితే దొరకదు.

గల్ఫ్‌లో పుట్టిన పిల్లలు

జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వాళ్లకు ఇది ముఖ్యం. 2004 డిసెంబర్ 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డ పుట్టిన ఏడాదిలోపు అక్కడి భారత కాన్సులేట్‌లో నమోదు కావాలి, వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసి ఇవ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. కుటుంబం ఇక్కడే ఉండిపోదామని తిరిగి వస్తే, బిడ్డ దేశంలో అడుగుపెట్టిన 60 రోజుల్లో ఇక్కడ జనన నమోదు చేయించుకోవచ్చు. అయితే జనన నమోదు వేరు, పౌరసత్వ నమోదు వేరు. రెండూ చూసుకోండి.

ఎవరి మీద ఎవరికి అప్పీలు

తిరస్కరణ కాగితం రాగానే అప్పీలు గడువు చూసుకోండి, కొన్నిటికి అది నిర్ణయం తేదీ నుంచే మొదలవుతుంది. ఆ కవరు మీద తేదీ రాసి పెట్టుకోండి.

జనన నమోదు రిజిస్ట్రార్ కాదంటే 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కు, ఆయనా కాదంటే చీఫ్ రిజిస్ట్రార్‌కు. వాళ్లు 90 రోజుల్లో తేల్చాలి. ఓటరు జాబితా నుంచి పేరు తీసేస్తే 15 రోజుల్లో జిల్లా మేజిస్ట్రేట్‌కు, ఆ తర్వాత 30 రోజుల్లో రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారికి. పేరు తీసే ముందు నోటీసు ఇచ్చి వినాల్సిందే. ఇప్పటికే జాబితాలో ఉన్న మనిషిని పౌరుడనే భావించాలని, తగిన అవకాశం ఇవ్వకుండా తీసేయకూడదని సుప్రీంకోర్టు 1995లోనే లాల్ బాబు హుస్సేన్ కేసులో చెప్పింది. బిహార్ ప్రత్యేక సవరణ విషయంలో 2025 సెప్టెంబర్ 8న ఆధార్‌ను కూడా గుర్తింపు పత్రంగా తీసుకోవాలని ఆదేశించింది. పౌరసత్వానికి కాదు, గుర్తింపుకు అని గుర్తుపెట్టుకోండి.

పాస్‌పోర్టు నిరాకరిస్తే కారణాలు రాయాలని, అడిగితే కాపీ ఇవ్వాలని 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 5 చెబుతుంది. అప్పీలు సెక్షన్ 11 కింద. పౌరసత్వం మీద సందేహం ఉన్న మనిషికి కేంద్ర ప్రభుత్వం సర్టిఫికెట్ ఇవ్వొచ్చని పౌరసత్వ చట్టం సెక్షన్ 13లో ఉంది. అరుదుగా వాడే దారి, అయినా అడిగే హక్కు ఉంది.

విచారణకు పిలిస్తే అమ్మతో పాటు ఒకరు తప్పకుండా వెళ్లండి. మంచంలో ఉంటే ఇంటికొచ్చి వినమని రాసి అడగండి. ఆమె చదువుకోని మనిషైతే, చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయించొద్దు.

మన వైపే వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ పౌరసత్వం కేసు ఉంది కదా. నోటీసులు, విచారణలు, కేంద్రం ఉత్తర్వులు, మళ్లీ చూడమని హైకోర్టు చెప్పడం, ఏళ్ల తరబడి నడిచి 2024 డిసెంబర్‌లో తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. తీర్పు ఏదైనా, ప్రతి మెట్టులో ఆయన మాట విన్నారు. అదే వినికిడి కూలి చేసుకునే అవ్వకూ దక్కాలి.

రోడ్డెక్కే ముందు

ఒక్క కుటుంబం వినతిపత్రం ఇస్తే అది ఆ కుటుంబం సమస్య. అదే ఊరి నుంచి ఇరవై మంది అదే కౌంటర్లో అదే మాట విన్నామని రాసి ఇస్తే అది ఆఫీసు సమస్య. ముందు అట్లాంటి వాళ్లను వెతకండి. ప్రతి ఒక్కరి దరఖాస్తు నంబరు, తేదీ, ఏం చెప్పారు అన్నది ఒక పుస్తకంలో రాయండి. వార్డులో చదువుకునే పిల్లలుంటే వాళ్లకు అప్పజెప్పండి, బాగా చేస్తారు.

సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. అందరూ కలిసి వెళ్లండి, కానీ దరఖాస్తులు విడివిడిగా ఇచ్చి విడివిడిగా రసీదులు తీసుకోండి. వాటితో పాటు ఉమ్మడి వినతిపత్రం ఒకటి. అందులో డిమాండ్లు మూడు మించొద్దు: తిరస్కరణ రాతపూర్వకంగా ఇవ్వాలి, చెల్లే ప్రత్యామ్నాయ పత్రాల జాబితా ఆఫీసు గోడ మీద తెలుగులో, ఉర్దూలో అంటించాలి, వృద్ధుల విచారణ వాళ్ల ఊళ్లోనే జరపాలి. ఇవి ఒప్పుకోవడానికి కలెక్టర్‌కు కొత్త చట్టం అక్కర్లేదు. విలేకరులు ఆ రోజు అక్కడే ఉంటారు. ఒక పేజీ ప్రెస్ నోట్ చేత్తో పట్టుకెళ్లండి.

అక్కడా కదలకపోతే ధర్నా. హనుమకొండలో ఏకశిలా పార్కు దగ్గర ధర్నాలు మనకు కొత్త కాదు. తేదీ, సమయం, ఎంతమంది, మైకు ఉందా లేదా, బాధ్యులెవరు అన్నది రాసి ముందుగానే పోలీసులకు అనుమతి దరఖాస్తు ఇవ్వండి. కమిషనరేట్ పరిధిలో ముందస్తు అనుమతి లేని సభలపై నిషేధపు ఉత్తర్వులు ఉన్నాయేమో చూసుకోండి. అనుమతి కాదంటే అదీ రాసివ్వమని అడగండి. శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం ఆర్టికల్ 19 ఇచ్చింది, కానీ రోడ్డు మూసేయొద్దు. ప్రజల దారిని నిరవధికంగా ఆపే నిరసన కుదరదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్పత్రికి పోయే ఆటో ఆగిపోతే జనం మనకు దూరమవుతారు.

ముసలివాళ్లను ఎండలో కూర్చోబెట్టొద్దు. నీడ, కుర్చీలు, నీళ్లు, దగ్గర్లో మూత్రశాల చూసుకోండి. వాళ్లు ఒక గంట కూర్చొని వెళ్లిపోతే చాలు. ఆమె ఒప్పుకోకుండా ఆమె వీడియో పెట్టొద్దు. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు కనిపించే కాగితం ఫొటో ఎక్కడా పెట్టొద్దు.

ఇంకో మాట. ఆఫీసుల్లో పురుగుల మందు డబ్బా, పెట్రోల్ సీసా పట్టుకున్న వార్తలు మనం చూస్తూనే ఉన్నాం. విసిగి వేసారినవాళ్ల బాధ నాకు తెలుసు. కానీ మీ ఇంట్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే వాళ్లను ఆఫీసుకు పంపొద్దు, ఒంటరిగా వదలొద్దు. ఫైలు తిప్పే పని ఇంకొకరు తీసుకోండి.

హైకోర్టు

కోర్టు అంటే లక్షలు అనుకుంటారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అమ్మ కేసు అమ్మ పేరు మీదే వేస్తే ఆమెకు ఈ హక్కు వస్తుంది. హనుమకొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. హైకోర్టులో ఆర్టికల్ 226 కింద రిట్ వేసి, "ఫలానా తేదీన ఇచ్చిన దరఖాస్తును విని, ఇన్ని వారాల్లో నిర్ణయం తీసుకోమని ఆదేశించండి" అని అడగొచ్చు. మీ ఇన్‌వర్డ్ ముద్రలు, పోస్టు రసీదులు, సమాచార హక్కు జవాబులు అన్నీ ఇక్కడ పనికొస్తాయి. వాటిని తేదీల వరుసలో పెట్టి లాయర్‌కు ఇవ్వండి.

ఆర్డర్ చేతికొచ్చాక

సర్టిఫైడ్ కాపీలు ఐదారు తీసుకోండి, ఒరిజినల్ లామినేషన్ చేయించొద్దు, ముద్ర చెడిపోతుంది. ఆర్డర్‌లో పేరు, ఊరు, తేదీ అక్షరం అక్షరం చదివి, తేడా ఉంటే అదే వారం సవరణకు పెట్టండి. ఆధార్, ఓటరు కార్డు, పింఛను పుస్తకంలో పేరు ఆ ఆర్డర్‌తో కలిసేలా మార్పించండి. ఓటరు కార్డు సవరణకు ఫారం 8. అమ్మ తోబుట్టువులకు ఒక్కో కాపీ ఇవ్వండి, వాళ్ల ఫైలులో అది మొదటి కాగితం అవుతుంది. మీతో పాటు వినతిపత్రం ఇచ్చిన మిగతా కుటుంబాల ఫైళ్లు ఇంకా అక్కడే ఉంటే, వచ్చే సోమవారం ప్రజావాణికి ఆ ఆర్డర్ కాపీ తీసుకొని వాళ్లతో కలిసి వెళ్లండి.